బల్ల మీద ఇమిడిన అమ్మోనియా యంత్రం

నత్రజని ఎరువుల పాఠాలలో హేబర్–బాష్ పద్ధతికి సాధారణంగా ఒక సమీకరణం, రెండు పేర్లు, ‘అధిక పీడనం’ అనే మాట మాత్రమే దక్కుతాయి. పీడనం అవసరమే. కానీ వాయువులను మూసిన పాత్రలో బంధించక, నిరంతరం ప్రవహింపజేయడం వల్లనే ఆ పద్ధతి ఫలించింది.

అమ్మోనియా ఏర్పడే చర్య ఉష్ణమోచకం. ఉష్ణోగ్రత పెంచితే చర్య వేగం హెచ్చుతుంది గాని, సమతాస్థితిలో అమ్మోనియా పాలు తగ్గుతుంది. పీడనం ఆ నష్టాన్ని కొంతవరకే పూడ్చగలదు. సుమారు 200 అట్మాస్ఫియర్ల వద్ద కూడా, ఉత్ప్రేరకం మీదుగా ఒకసారి సాగిన వాయువులో నూటికి 10 పాళ్ల లోపే అమ్మోనియాగా మారేది. శాతాన్నే చూసేవారికి ఇది వైఫల్యం. ఫ్రిట్జ్ హేబర్ మాత్రం కొద్దిపాటి ఉత్ప్రేరకం గంటకు ఎంత అమ్మోనియా ఇవ్వగలదో చూశారు.

జర్మనీలోని కార్ల్స్‌రూహేలో ఆయన, రాబర్ట్ లె రొసిన్యోల్ కలసి బల్ల మీద ఇమిడే పరికరాన్ని నిర్మించారు. పంపు వాయువులను తిప్పుతుంది. ఆస్మియం ఉత్ప్రేరకాన్ని దాటి వెలువడే వేడి వాయువు, లోనికి వచ్చే చల్లని వాయువును వేడిచేస్తుంది. చల్లబడిన అమ్మోనియా ద్రవమై వేరుపడుతుంది. మిగిలినది తిరిగి చర్యకు వెళుతుంది. ఖర్చయిన మేరకే కొత్త వాయువు చేరుతుంది. అంత పీడనాన్ని నిలిపిన కవాటాల రూపకర్త లె రొసిన్యోల్. పాఠ్యగ్రంథాలు ఆయన పేరును విస్మరించడం న్యాయం కాదు.

1909 జులై 2న బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ ప్రతినిధుల ఎదుట ప్రదర్శన ఏర్పాటైంది. బిగిస్తుండగా ఒక బోల్టు విరిగి ఆలస్యమైంది; కార్ల్ బాష్ వెళ్లిపోయారు. వేచి ఉన్న ఆల్విన్ మిట్టాష్ అమ్మోనియా బొట్లు రాలడం చూశారు. గంటకు సుమారు 125 మిల్లీలీటర్లు!

ఆస్మియం అరుదైనది. దానికి బదులు వెతకడానికి మిట్టాష్ అనేక చిన్న ప్రవాహ రియాక్టర్లను ఏర్పరచి, రెండేసి గ్రాముల నమూనాలను మార్చిమార్చి పరీక్షింపజేశారు. స్వీడన్ మాగ్నటైట్ ఖనిజం అనూహ్యంగా బాగా పనిచేసింది. కారణం అందులోని మలినాలే. ఇనుముకు అల్యూమినా, పొటాష్ చేర్చిన ఉత్ప్రేరకం అలా రూపొందింది. 1913లో ఓపావ్ కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది.

నేటి ప్రయోగశాలలో ఈ సూత్రమే సన్నని గొట్టం, పంపు, చివర పీడనాన్ని నిలిపే కవాటంగా కనిపిస్తుంది. ఏ క్షణంలోనైనా చర్యలో ఉండే పదార్థం కొద్దిపాటిదే కనుక, పెద్ద ఆటోక్లేవ్‌లో ఉన్నంత ప్రమాదం ఉండదు. అయితే చర్యలో ఘనపదార్థం ఏర్పడితే గొట్టం పూడుకుపోతుంది; అటువంటి పనులకు నేటికీ కలియబెట్టే పాత్రే అనువైనది.