ఈశ్వరి తీగని గుర్తు పట్టడం ఎలా?

సెలవులకి ఇండియా వెళ్ళి దోహాకి తిరిగొచ్చే మనవాళ్ళ సూట్‌కేసుల్లో ఆవకాయ, కందిపొడి పక్కనే ఏదో ఒక ఎండు వేరో, ఆకు పొడో ఉండటం మామూలే. అమ్మ ఇచ్చింది కదా, కాదనలేం. కానీ ఒక్క కుటుంబం మొక్కల విషయంలో మాత్రం కాదనక తప్పదు. దాని పేరు అరిస్టోలోకియేసి. పాము కాటుకి నాటు వైద్యంలో వాడే ఈశ్వరి, నేల మీద పాకే గాడిదగడపాకు ఈ కుటుంబానివే. గాడిదగడపాకు అరేబియా ద్వీపకల్పంలోనూ పెరుగుతుంది.

పొడి చూసి ఎవరూ చెప్పలేరు, మొక్కనే చూడాలి. అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు పువ్వు. రేకులు విడిగా ఉండవు, అంతా కలిసి ఒకటే గొట్టం. అడుగున బుడగలా ఉబ్బి, మధ్యలో సన్నబడి, చివర ఒక పక్కకి ముదురు ఊదా రంగు నాలుకలా సాగుతుంది. గొట్టం లోపలి వెంట్రుకలు కిందికి వాలి ఉంటాయి. చిన్న ఈగ లోపలికి దిగగలదు గానీ వెనక్కి రాలేదు. అవి వాడిపోయాకే పుప్పొడి పూసుకుని బయట పడుతుంది. మా భాషలో చెప్పాలంటే వన్‌వే గేట్‌వే!

పువ్వు దొరకకపోతే కాయ చూడండి. ఈశ్వరి కాయ ఎండాక కాడ వైపు నుంచి ఆరుగా చీలుతుంది. కాడ కూడా ఆరు దారాలుగా విడిపోయి, అచ్చం మన ఉట్టిలా వేలాడుతుంది. లోపల బల్లపరుపు గింజలు. ఆకులు తీగకి ఒక్కొక్కటిగా, అంచు నొక్కుల్లేకుండా ఉంటాయి. ఈనెలు ఆకు మొదట్లోనే విడిపోతాయి. గాడిదగడపాకుకి పువ్వు కాడ దగ్గర గుండ్రటి చిట్టి ఆకు అదనం, నలిపితే వెగటు వాసన. దాని ఆకు మూత్రపిండం ఆకారంలో ఉండటం ఒక విడ్డూరం, ఎందుకంటే ఈ మొక్కలు పాడు చేసేది మూత్రపిండాల్నే.

కారణం వీటిలోని అరిస్టోలోకిక్ ఆమ్లం. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గే మందు వాడిన వంద మందికి పైగా మహిళలకి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. తర్వాత కొందరికి మూత్రనాళ క్యాన్సర్ కూడా వచ్చింది. అందులో స్టెఫానియా అనే మూలిక వేయాలి. చైనా పేర్లు దగ్గరగా ఉండటంతో దాని బదులు అరిస్టోలోకియా ఫాంగ్చీ పడింది. 2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ ఆమ్లమున్న మూలికల్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

స్టెఫానియా మన తిప్పతీగ కుటుంబానిది. కోవిడ్ రోజుల్లో ఎంతమంది తిప్పతీగ కషాయం తాగారో మీకు తెలుసు. దాని ఆకు కూడా హృదయాకారమే, కాబట్టి ఆకుని బట్టి నమ్మకండి. తిప్పతీగకి బొడిపెల కాండం, వేలాడే సన్నటి ఊడలు, ఎర్రటి పళ్ళు ఉంటాయి. ఈశ్వరికి పండు ఉండదు, ఎండు కాయే.

ఇంటి నుంచి పొడి వచ్చిందంటే మొక్క పువ్వు, కాయ ఫోటోలు పంపమనండి. ఇప్పటికే వాడుతుంటే ఆపి, డాక్టరుకి ఆ సంగతి చెప్పి, క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.