కాడి కింద కొసైన్

సంక్రాంతికో, శివరాత్రికో ఒంగోలు, పొదిలి, గుంటూరు వైపు పల్లెల్లో బండలాగుడు పోటీ పెట్టారంటే జనం విరగబడి వస్తారు. రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆపైన సీనియర్లు అంటూ జతల్ని విడదీస్తారు. ఇచ్చిన గడువులో బండను ఎన్ని అడుగులు లాగితే ఆ వరుసన బహుమతులు. ఒంగోలు జాతి గిత్తలు ఎంత బలమైనవైనా, వాటిలో ఒకటి పక్కకు మళ్లిందంటే దూరం తగ్గిపోతుంది.

ఎంత తగ్గుతుంది? ఆ లెక్క ఇంటర్ ఫిజిక్సులోని సదిశల పాఠంలో ఉంది. వయసుకు, ధరకు అంకె ఒక్కటి చాలు. లాగుడుకు మాత్రం ఎంత బలమో, ఎటువైపో రెండూ చెప్పాలి. అందుకే అది సదిశ.

దాపటెద్దు 300 కిలోల బలంతో నేరుగా, వెలపటెద్దు 200 కిలోల బలంతో 30 డిగ్రీలు పక్కకు తిరిగి లాగుతున్నాయనుకుందాం. మొత్తం 500 అనేస్తే తప్పు. వెలపటెద్దు బలాన్ని ముందు రెండుగా విడగొట్టాలి. 200ను 30 డిగ్రీల కొసైన్‌తో గుణిస్తే 173, అది ముందుకు. సైన్‌తో గుణిస్తే 100, అది పక్కకు. ఇక కూడిక తేలిక: ముందుకు 473, పక్కకు 100. ఈ రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే జత ఉమ్మడి బలం సుమారు 483 కిలోలు, దిక్కు సుమారు 12 డిగ్రీలు పక్కకు. బండను ముందుకు జరిపేది 473 మాత్రమే; 27 కిలోలు అక్కరకు రాకుండా పోయాయి.

30 డిగ్రీల సైన్ సరిగ్గా సగం. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోని పట్టికలోనూ అంతే: వ్యాసార్ధం 3438, ఈ కోణానికి విలువ 1719. పిల్లలకు ఈ పాఠాన్ని సూత్రంగా బట్టీ పట్టించడం అన్యాయం. బొమ్మ గీసి ఎడ్లను చూపిస్తే చాలు, సైన్ ఎటో, కొసైన్ ఎటో వాళ్లే చెబుతారు.

గొలుసు సంగతి ఇంకా బాగుంటుంది. కాడి ఎత్తులో ఉంటుంది, బండ నేల మీద. గొలుసు 12 అడుగులుండి, దాని పైకొస కిందికొస కంటే 4 అడుగులు ఎత్తులో ఉంటే, 500 కిలోల లాగుడులో 471 ముందుకు, 167 పైకి పోతాయి. పైకి పోయింది వృథా కాదు. అది బండను కాస్త ఎత్తిపట్టి నేల రాపిడి తగ్గిస్తుంది. గొలుసు బాగా పొడవైతే ఆ ఆసరా తగ్గుతుంది, మరీ పొట్టిదైతే ముందుకు లాగే బలం పడిపోతుంది. తక్కువ బలంతో బండ కదిలే వాలు ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. నేల ఎంత గరుకైతే ఆ వాలు అంత ఎక్కువ కావాలి.