బాధలో ఉన్నవాళ్లకు జవాబు కాదు, తోడు కావాలి

వరంగల్ నుంచి మీతో మాట్లాడుతున్నా. యూత్ మీటింగుల్లో తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, దేవుడుంటే లోకంలో ఇంత బాధ ఎందుకు?" ఫోన్ తెరిస్తే చాలు, ఒక రీల్‌లో యుద్ధం, ఇంకో రీల్‌లో వరద. ఆ ప్రశ్న అడగడం తప్పు కాదు. బైబిల్లో భక్తులు కూడా అడిగారు.

150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఏడుస్తూ చేసిన ప్రార్థనలే. 88వ కీర్తన అయితే చీకటిలోనే ఆగిపోతుంది. చివర్లో అంతా బాగైపోయిందని ఉండదు. అంటే దేవుని ముందు మనం నవ్వు మొహం పెట్టుకోనక్కర్లేదు. మనసులో ఉన్నది ఉన్నట్టే చెప్పుకోవచ్చు. ఆదరణ అక్కడే మొదలవుతుంది.

యోబు స్నేహితుల్ని చూడండి. వచ్చి 7 రోజులు ఏమీ మాట్లాడకుండా ఆయన పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. తర్వాత నోరు తెరిచి, నువ్వేదో పాపం చేసుంటావని కారణాలు చెప్పి, పుండు మీద కారం చల్లారు. చివరికి దేవుడు వాళ్ల మీదే కోప్పడ్డాడు.

యేసు అలా చేయలేదు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా సమాధి దగ్గర ఏడ్చాడు. తర్వాత తానే సిలువ దాకా వెళ్లాడు. మన దేవుడు బాధను దూరం నుంచి చూసినవాడు కాదు, అందులోకి దిగినవాడు. సమాధి ఆయన్ని ఆపలేకపోయింది. నాకు ధైర్యం ఇచ్చేది ఇదే.

అయితే ఈ ఆదరణ మన దగ్గరే ఆగిపోకూడదు. దేవుడు మనల్ని ఆదరించేది మనం ఇంకొకర్ని ఆదరించడానికే అని పౌలు కొరింథీయులకు రాశాడు. మన తెలంగాణలో దానికి రాతి సాక్ష్యం మెదక్ చర్చి. కరువు రోజుల్లో చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆకలితో ఉన్నవాళ్లకు ఆ కట్టడంలో పని ఇచ్చి అన్నం పెట్టాడు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. లోపల రంగుల అద్దాల మీద క్రీస్తు పుట్టుక, ఆరోహణంతో పాటు సిలువ కూడా ఉంటుంది. బాధను దాచలేదు.

2023 జూలై వానలకు మన వరంగల్ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి గుర్తుందా? బియ్యం తడిసిపోయిన ఇంటికి ముందు కావాల్సింది ప్రసంగం కాదు, వండిన అన్నం.

అందుకే ఈ రాత్రి మూడు పనులు చేయండి. ఫోన్ పక్కన పెట్టి ఒక కీర్తన బయటకి చదవండి. బాధలో ఉన్న ఒక్కరి పేరు చెప్పి ప్రార్థించండి. రేపు వాళ్లకి ఫోన్ చేయండి, లేదా వెళ్లి పక్కన కూర్చోండి. సలహాలు తక్కువ, వినడం ఎక్కువ.

మీకే బతకాలని లేదనిపిస్తుంటే మాత్రం ఒంటరిగా ఉండొద్దు. ఇంట్లో ఒకరికి చెప్పండి, ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కి కాల్ చేయండి. డాక్టర్ దగ్గరికి వెళ్తే విశ్వాసం తగ్గినట్టు కాదు.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.