ఎవరు ముందున్నారో... ముందే తెలిస్తే?

పోలింగ్ రోజు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర టీ కొట్టులో కూర్చున్నా, నాచారం పారిశ్రామికవాడ కార్మికులను కదిపినా వినిపించే ప్రశ్న ఒకటే... ‘ఎంత పోలైంది?’ ఆ లెక్క అధికారులే రెండు గంటలకోసారి చెబుతారు. ‘ఎవరికి పడ్డాయి?’ అన్నది మాత్రం చచ్చినా చెప్పరు. చెబితే ఏమవుతుందట? గెలిచేవాళ్లకే వేద్దామని కొందరు అటు మొగ్గుతారు. ఎలాగూ తేలిపోయింది కదా అని ఇంకొందరు ఇంట్లోనే ఉండిపోతారు. ఓడిపోతున్నాడు పాపం అని జాలిపడి వేసేవాళ్లూ ఉంటారనుకోండి!

ఇది వట్టి అనుమానం కాదు. మార్టినిక్, గ్వాడెలూప్ అట్లాంటిక్‌కు ఆవల ఉన్న ఫ్రెంచి దీవులు. గడియారం పారిస్ కన్నా వెనక. దాంతో ఫ్రాన్స్‌లో విజేత ఎవరో తెలిసిపోయాక కూడా అక్కడ ఓట్లు వేస్తుండేవారు. 2005లో నిబంధన మార్చి, వాళ్లకు ఒకరోజు ముందే పోలింగ్ పెట్టారు. పాత, కొత్త ఎన్నికలను పోల్చిచూసిన పరిశోధకులు... ఫలితం ముందే తెలియడం వల్ల పోలింగ్ సుమారు 11 శాతం పాయింట్లు పడిపోయిందని తేల్చారు. గెలుపు గుర్రం వైపు మొగ్గూ పెరిగిందట.

మన దగ్గర 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఏప్రిల్ 20, 26 తేదీల్లో రెండు విడతలుగా పోలింగ్ జరిగింది. మొదటి విడత ముగియగానే టీవీల్లో ఎగ్జిట్ పోల్స్ హోరెత్తాయి. రెండో విడత ఓటర్లు అవన్నీ చూసే బూత్‌లకు వెళ్లారు. ఆ తర్వాత 2009లో పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టంలో 126ఎ సెక్షన్ చేర్చింది. అన్ని విడతలూ ముగిసేదాకా ఎగ్జిట్ పోల్స్ బంద్. కాదంటే రెండేళ్ల వరకూ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ!

2020 గ్రేటర్ ఎన్నికలదైతే చిత్రమైన కథ. డిసెంబరు 1న ఉప్పల్, నాచారం సహా నగరమంతా బ్యాలెట్ పేపర్లపై ఓటేసింది. ఓల్డ్ మలక్‌పేటలో మాత్రం సీపీఐ అభ్యర్థికి కంకి కొడవలి బదులు సీపీఎం గుర్తు అచ్చయింది. 3న రీపోలింగ్ పెట్టారు. 150 డివిజన్లలో ఆ ఒక్కదాని కోసం నగరమంతటి ఎగ్జిట్ పోల్స్‌నూ ఆ సాయంత్రం దాకా ఆపేశారు. అతి జాగ్రత్త అన్నవాళ్లున్నారు. కానీ ఆ డివిజన్ ఓటరు వైపు నుంచి చూస్తే సబబే.

2023లో అయిదు రాష్ట్రాల ఎన్నికల్లో చివరి వంతు తెలంగాణది. నవంబరు 7న ఛత్తీస్‌గఢ్, మిజోరంలలో మొదలైన పోలింగ్ నవంబరు 30న ఇక్కడ ముగిసింది. అన్నాళ్లూ చానెళ్లు నోరు కట్టేసుకున్నాయి. ఎగ్జిట్ పోల్స్‌కు ముందు సాయంత్రం ఆరున్నర అన్న ఎన్నికల సంఘం, తర్వాత అయిదున్నరకే అనుమతిచ్చింది. పోలింగ్ గడువు అయిదింటికి. అప్పటికి క్యూలో ఉన్నవాళ్లెవరైనా, ఎంత ఆలస్యమైనా ఓటేయొచ్చు. అంటే అరగంట దాటినా క్యూ కదలని చోట, ఓటరు ఇంకా గేటు దగ్గరే ఉంటాడు... ఎవరు గెలుస్తారో ఇంట్లోంచి ఫోన్ వచ్చేస్తుంది!