కొనేది మనం, పన్ను ఏ ఊరికి?

మా ఫ్రీమాంటులో మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఐకియా మంచమో, పుస్తకాల బీరువానో తప్పకుండా కనిపిస్తుంది. డంబార్టన్ వంతెన దాటి వెళ్ళి తెచ్చుకుంటాం. ఆ కొట్టు పాలో ఆల్టోలో ఉందనే చాలామంది అనుకుంటారు. కాదండీ, ఈస్ట్ పాలో ఆల్టోలో ఉంది. పేరులో పోలికే గానీ అది వేరే ఊరు, కౌంటీ కూడా వేరే. ఇవాళ ఆ ఊరి గురించి నాలుగు ముక్కలు చెబుతాను.

రెండున్నర చదరపు మైళ్ళ జాగా, సుమారు 30 వేల జనాభా. 1983లో కేవలం 15 ఓట్ల తేడాతో సొంత నగరమైంది. అప్పటికే వ్యాపారానికి పనికొచ్చే స్థలాలు చాలావరకు పక్క ఊళ్ళలో కలిసిపోయాయి. దీనికి మిగిలినవి ఎక్కువగా ఇళ్ళే.

ఇళ్ళుంటే నష్టమేమిటి అంటారా? కాలిఫోర్నియాలో 1978లో వచ్చిన ప్రొపొజిషన్ 13 ప్రకారం ఇంటిపన్ను మూల రేటు ఒక శాతమే. ఇల్లు చేతులు మారేదాకా దాని లెక్క విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. వచ్చినదాంట్లోనూ బడులకీ, కౌంటీకీ పోగా నగరానికి దక్కేది కొంచెమే. అమ్మకపు పన్ను సంగతి అలా కాదు. 100 డాలర్ల సరుకు కొంటే అందులో ఒక డాలరు కొట్టున్న ఊరి ఖజానాకే వెళుతుంది, కొన్నవాళ్ళు ఎక్కడివాళ్ళయినా సరే. అందుకే చిన్న ఊళ్ళు పెద్ద కొట్ల కోసం అంతగా పోటీపడతాయి.

1992లో ఈ ఊళ్ళో 42 హత్యలు జరిగాయి. అలాంటి చోటికి కొట్లు రమ్మంటే వస్తాయా? అయినా మెల్లగా వచ్చాయి. 1976లో మూతపడ్డ హైస్కూలు స్థలంలో రేవెన్స్‌వుడ్ 101 అనే అంగళ్ళ సముదాయం లేచింది. 2003లో ఐకియా తెరిచారు. విస్కీ గల్చ్ అనే పాత బజారును పడగొట్టి ఆఫీసు భవనాలు కట్టారు, 2006లో ఫోర్ సీజన్స్ హోటల్ వచ్చింది. ఖజానా నిండింది, నిజమే. కానీ ఆ బజారులో చిన్న దుకాణాలు నడుపుకున్నవాళ్ళ సంగతి తలుచుకుంటే నాకు అంత సంతోషంగా ఉండదు.

ఇక అసలు ఇబ్బంది, నీళ్ళు! శాన్ ఫ్రాన్సిస్కో వారి హెచ్ హెచీ నీళ్ళలో ఈ ఊరి వాటా రోజుకు 20 లక్షల గ్యాలన్ల లోపే ఉండేది. కట్టడానికి జనం ముందుకొచ్చారు, స్థలమూ ఉంది, కుళాయిలో నీళ్ళు లేవు. 2016లో కొత్త కనెక్షన్లు ఆపేశారు. వాడుకోని వాటా ఉన్న మౌంటెన్ వ్యూ నుంచి 2017లో రోజుకు 10 లక్షల గ్యాలన్ల హక్కును 50 లక్షల డాలర్లిచ్చి కొన్నారు. 2018లో పాలో ఆల్టో మరో 5 లక్షల గ్యాలన్ల వాటా బదిలీ చేసింది. అప్పుడు గానీ ఆంక్ష ఎత్తెయ్యలేదు.

నీళ్ళొచ్చాయి, పక్కనే మెన్లో పార్కులో 2011 నుంచీ ఫేస్‌బుక్ ఉంది. ఇప్పుడు భయమల్లా అద్దెలది. పాత అపార్టుమెంట్లకు నగరం అద్దె నియంత్రణ పెట్టింది గానీ, 1995 నాటి రాష్ట్ర చట్టం వల్ల, ఉన్నవాళ్ళు తమంతట తాము ఖాళీ చేశాక వచ్చే కొత్తవాళ్ళకు యజమాని ఎంతైనా చెప్పొచ్చు.