గిరాకీ తగ్గితే ముందు పోయేదెవరు?

"బీహారోళ్ళొచ్చి మన పని గుంజుకుంటున్నరు." మిర్యాలగూడ మిల్లుల కాడ, సూర్యాపేట అడ్డా మీద, కోదాడ హోటళ్ళల్ల ఈ మాట వినబడుతూనే ఉంటది. అనేటోళ్ళల్ల మనోళ్ళు కూడా ఉన్నరు. మాల, మాదిగ వాడల నుంచి వచ్చే హమాలీలు, తాపీ పనికి పోయే కూలీలు. వాళ్ళ కోపాన్ని కొట్టిపారేయడం మా ఉద్దేశం కాదు. పని దొరకని రోజు పొయ్యి వెలగదని మాకూ తెలుసు. అయితే ఆ కోపం ఎవరి మీదికి మళ్ళుతున్నదో చూడాలి. కష్టకాలంలో వలస కూలీ గతి ఏమవుతుందో గమనిస్తే ఈ మాటలో నిజమెంతో తేలుతుంది.

నాగార్జునసాగర్ ఎడమ కాల్వ నీళ్ళొచ్చినంక ఈ మూడు పట్టణాల చుట్టూ వరి పెరిగింది. వరి వెంట మిల్లులొచ్చినయి. మిర్యాలగూడ బాయిల్డ్ రైస్ మిల్లులకు దేశంలోనే పేరున్న కేంద్రమయింది. బస్తాలు దించడం, లారీ లోడింగు వంటి బరువు పనులకు మిల్లులు బీహార్ హమాలీల మీద బాగా ఆధారపడుతున్నాయి. వాళ్ళు మిల్లు ఆవరణలోనే షెడ్లల్ల ఉంటరు. లారీ అర్ధరాత్రి వచ్చినా లేపితే లేస్తరు. ఇక్కడి హమాలీకి ఇల్లున్నది, పిల్లలున్నరు, సంఘమున్నది. రేటు పెంచమని అడుగుతడు. యజమానికి ఎవరితో లాభమో వేరే చెప్పాల్నా?

2020 సంవత్సరం ఈ లెక్కను బట్టబయలు చేసింది. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. కోదాడ దగ్గర ఆంధ్ర సరిహద్దులో జనం చిక్కుబడిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో వలస కూలీకి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు బయలుదేరింది. దాదాపు 1200 మంది కూలీలు ఇండ్లకు పోయారు. సరిగ్గా వారానికే, మే 8న, బీహార్‌లోని ఖగడియా నుంచి ఇంకో రైలు అదే లింగంపల్లికి వచ్చింది. అందులో 222 మంది హమాలీలు. హోళీకి ఊరికి పోయి అక్కడే చిక్కుకున్నోళ్ళను యాసంగి వడ్ల కోసం వెనక్కి పిలిపించారు. ఒకే స్టేషన్, వారం తేడా. కట్టడం పని ఆగిపోయిన కూలీ వెళ్ళిపోవలసినవాడు, వడ్లు మొయ్యవలసిన కూలీ స్వాగతం పలకవలసినవాడు. మనిషి విలువ బస్తాను బట్టి మారింది.

మాంద్యంలో వలస కూలీయే ముందు ఎందుకు పోతాడు? వాడు ఉండే పనులు కట్టడం, లోడింగు, హోటళ్ళు వంటివి. గిరాకీ పడిపోతే మొదట ఆగేవి ఇవే. కట్టడం పనిలో వలసవాళ్ళు ఎక్కువగా ఉన్న స్పెయిన్‌లో 2008 తర్వాత జరిగింది అదే. పైగా వాడు చివరగా చేరినోడు, కాంట్రాక్టరు కింద ఉన్నోడు, ఓటూ రేషనూ వేరేచోట ఉన్నోడు. తీసేస్తే అడిగే దిక్కుండదు. ఇంకో సంగతి తేలికగా కంటబడదు. పని పోయినోడు ఊరికి పోతే ఇక్కడి నిరుద్యోగం లెక్కలో వాడుండడు. చమురు సంక్షోభం రాగానే 1973 నవంబరులో పశ్చిమ జర్మనీ విదేశీ కార్మికుల నియామకం ఆపేసింది. మాంద్యం భారంలో కొంత ఆ కార్మికుల సొంత దేశాల మీద పడింది. ఖగడియాలో ఆకలి మిర్యాలగూడ లెక్కల్లో ఎట్లా కనబడుతుంది?

మన తెలుగువాళ్ళకు ఇది కొత్త కాదు. ఒకప్పుడు రంగూన్ రేవులో, అక్కడి బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసినోళ్ళు తీరాంధ్ర కూలీలే. వాళ్ళను కోరంగీలన్నారు. 1930లో ప్రపంచ మాంద్యం కమ్ముకొస్తున్న కాలంలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు బర్మా కూలీలను పనిలో పెట్టారు. సమ్మె పరిష్కారమైనంక వాళ్ళను తీసేశారు. మే నెలలో రెండు గుంపులూ కొట్టుకున్నాయి, తెలుగు కూలీలు ఎందరో చచ్చిపోయారు. యజమానులకు గాయం కాలేదు. అప్పుడు రంగూన్‌లో "వచ్చినోడు" మనోడే.

గల్ఫ్‌లోనూ అంతే. 2020లో పని పోయి, జీతం బకాయిలు వదులుకొని ఎందరో తిరిగొచ్చారు. ఆ సెప్టెంబరులోనే కేంద్ర ప్రభుత్వం గల్ఫ్‌కు పోయే కార్మికుల కనీస సిఫారసు వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. మనవాళ్ళ ఉద్యోగాలు నిలబెట్టడానికట! తెలంగాణ హైకోర్టుదాకా పోతే 2021లో వెనక్కి తీసుకున్నారు. అమెరికాలో హెచ్-1బి మీద ఉన్న ఇంజనీరు కూడా పని పోతే 60 రోజుల్లో దారి చూసుకోవాలి. అదీ బాధే. కాని వాని వెనుక ఊళ్ళో పొలముంటది, చదువుంటది. కూలీ వెనుక అప్పుంటది.

కులం ఇక్కడ పని చేస్తుంది. అంబేద్కర్ 1936లోనే కులమంటే పని విభజన మాత్రమే కాదు, పనిచేసేవాళ్ళ విభజన అన్నాడు. ఇప్పుడు దాని మీద భాష, రాష్ట్రం అనే పొరలు కూడా చేరినయి. ఖగడియా భూమిలేని కూలీకీ మన వాడ హమాలీకీ ఒకే భుజం నొప్పి. ఇద్దరూ ఒకరి మొఖం ఒకరు చూసుకోరు.

చట్టం సంగతి కార్యకర్తలు తెలుసుకోవాలి. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురున్నా వర్తించేది. ఒకే పనికి స్థానికునికన్నా తక్కువ కూలి ఇవ్వరాదన్నది. నెల కూలిలో సగమైనా స్థానచలన భత్యం ఇవ్వాలన్నది. అమలు చేసినోళ్ళు తక్కువ, అది వేరే మాట. ఆ చట్టాన్ని కలిపేసుకున్న 2020 కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. పరిమితి పదిమందికి పెరిగింది, ఆ భత్యం మాయమైంది.

కాబట్టి మిర్యాలగూడ హమాలీ ముందున్న ప్రశ్న బీహారోణ్ణి ఎట్లా పంపాలన్నది కాదు. 2021లో బాయిల్డ్ రైస్ కొనమని కేంద్రం మొండికేసినప్పుడు మిల్లు ఆగితే బస్తా రేటు మీద బతికే ఇద్దరికీ ముప్పే. బస్తాకు ఒకే రేటు రాసి మిల్లు గేటు మీద పెట్టించాలి. రాత్రి లోడింగుకు వేరే రేటు ఉండాలి. షెడ్డులో ఉన్నోని పేరు రిజిస్టరులో ఎక్కాలి. వచ్చినోణ్ణి హమాలీ సంఘంలో సభ్యునిగా చేర్చుకునే తీర్మానం ఏ సంఘం ముందు పెడుతుందో అడుగుతున్నాం.