రక్తములో క్రొవ్వు - గుండెకు ముప్పు

గుండెజబ్బు పట్టణములలో కుర్చీలపై కూర్చుండి పనిచేయు సంపన్నులకు మాత్రమే వచ్చునని గ్రామములలో నేటికిని పలువురు తలంచుచుందురు. పొలములో చెమటోడ్చువానికి ఆ భయము లేదందురు. అది నిజము కాదు. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో 2003-04లో ఒక సంవత్సరముపాటు ఆరోగ్య కార్యకర్తలు మరణములు సంభవించిన ఇండ్లకు పోయి కారణములను విచారించిరి. 1,354 మరణములలో నూటికి 32 గుండెకు, రక్తనాళములకు సంబంధించిన జబ్బుల వలననే కలిగినవని తేలినది. పక్షవాతము కూడ ఇందులో చేరినదే. అంటువ్యాధులు వీటికి చాల వెనుకబడినవి.

ఈ జబ్బులకు దారితీయువానిలో కొలెస్టరాల్ ముఖ్యమైనది. ఇది మైనమువంటి క్రొవ్వు పదార్థము. విషము కాదు, జీవకణముల నిర్మాణమునకు, పైత్యరసమునకు అవసరమే. దీనిలో అధికభాగమును మన కాలేయమే తయారుచేయును. అందుచేతనే మాంసము ముట్టనివారికి కూడ ఇది హెచ్చుగా ఉండవచ్చును. రక్తములో ఎల్.డి.ఎల్. అను రూపమున ఇది మిక్కుటమైనచో నాళముల గోడలలో పేరుకొనును. చేనికి నీరు పారు బోదెలో ఒండ్రు చేరినట్లని చెప్పవచ్చును. కాని బోదె పూడినచో రైతు కంటికి కనబడును. నాళము పూడుచున్నప్పుడు మనిషికి చాలకాలము నొప్పియు ఉండదు, ఆయాసమును ఉండదు. ఒకనాడు ఆ పొర చిట్లి, అచ్చట నెత్తురు గడ్డకట్టినప్పుడే గుండెపోటు వచ్చును.

కనుక రక్తపరీక్ష తప్ప వేరు దారి లేదు. మధుమేహము, రక్తపుపోటు, చుట్ట, బీడీల అలవాటు ఉన్నవారును, తండ్రికో అన్నకో చిన్నవయసున గుండెపోటు వచ్చినవారును ఆలస్యము చేయరాదు.

నూనె డబ్బాపై ‘కొలెస్టరాల్ లేదు’ అను మాట చూచి మురియనక్కరలేదు. గింజల నూనె దేనిలోను అది ఉండదనియే చెప్పవచ్చును. చూడవలసినది సంతృప్త క్రొవ్వు. రక్తములో ఎల్.డి.ఎల్.ను పెంచునది అదియే. పామోలిన్ నూనెలో అది నూటికి సుమారు 40 పాళ్లు. నేతిలో 60కి పైగా. వేరుసెనగ నూనెలో 20కి లోపు. వనస్పతిలో ఉండెడి ట్రాన్స్ క్రొవ్వు మరింత చెరుపు; 2022 జనవరి నుండి దానిని చట్టము 2 శాతమునకు పరిమితము చేసినది. రాగులు, ఉలవలు, పెసలు, చిక్కుడు మొదలగు పీచుగల ఆహారము మేలు. ఆవకాయ మానుమని మేము చెప్పము, చెప్పినను వినువారెవరు? రక్తపుపోటు గలవారు మాత్రము అందలి ఉప్పును గుర్తుంచుకొనవలెను.

ఆహారముతో లొంగనిచో వైద్యులు స్టాటిన్ మాత్రలు ఇత్తురు. జపాను శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో 1973లో ఒక బూజునుండి ఈ జాతి మందును కనుగొనెను. పరీక్షలో సంఖ్య తగ్గగానే నయమైనదని మాత్రలు మానివేయుట చాలమంది చేయు పొరపాటు. తగ్గినది మాత్రవలననే, మానిన కొన్ని వారములలో మరల పెరుగును. కండరములు నొప్పిపెట్టినచో వైద్యునికి చెప్పి మోతాదు మార్పించుకొనవలెను గాని, తమంత తాము మానరాదు. గర్భిణులు వైద్యుని అడుగక వాడరాదు.

ఛాతీలో బరువు తోచి, నొప్పి ఎడమచేతికో దవడకో ప్రాకి, చెమటలు పట్టినచో, అజీర్ణమని సోడా త్రాగుచు తెల్లవారువరకు వేచియుండక వెంటనే 108కి ఫోను చేయవలెను.